భౌతికశాస్త్రం చదువుతూ ఏఐ నేర్చుకోవడం ఎలా? విశాఖ విద్యార్థికి ఒక దారి

ఇంటర్ ఎంపీసీ పూర్తయింది, ఫిజిక్స్ అంటే ఇష్టం, కానీ "ఇప్పుడంతా ఏఐ కదా, ఫిజిక్స్ చదివి ఏం చేస్తావు?" అనే ప్రశ్న ఇంట్లో పూటకోసారి వినబడుతోంది. మీ పరిస్థితి ఇదే అయితే ఈ వ్యాసం మీ కోసమే. రెండూ కలిపి చదవవచ్చు, విశాఖలో ఉండే చదవవచ్చు. కాకపోతే ఆ రెండింటినీ కలిపే పని చాలావరకు మీ చేతులమీదుగానే జరగాలి, ఎందుకంటే కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పేవారు ఒక అంతస్తులో, కంప్యూటర్ చెప్పేవారు మరో అంతస్తులో ఉంటారు.

నేను చెప్పేదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది. ఏ సమస్య తీసుకున్నా ముందు ఫిజిక్స్‌తో ఒక అంచనా వేయండి, ఆ తరువాతే న్యూరల్ నెట్‌వర్క్‌ను, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ నమూనాను, పిలవండి. ఈ వరుస తారుమారు చేసినవారు కోడ్ నడపడం నేర్చుకుంటారు గానీ, వచ్చిన జవాబు తప్పో ఒప్పో చెప్పలేరు.

మొదటి మెట్టు: ఇంట్లో మాట్లాడడం

దీన్ని మెట్టుగా లెక్కించడం వింతగా అనిపించవచ్చు. కానీ మన ఊళ్లో చాలామంది దారి ఇక్కడే మూసుకుపోతుంది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ మెట్లు దిగేసరికే సీఎస్ఈ తప్ప మరో కోర్సు లేదని అమ్మానాన్నలకు నమ్మకం కుదిరిపోతుంది. వారితో వాదించకండి, ఒక సంగతి చెప్పండి. 2024 ఫిజిక్స్ నోబెల్ బహుమతి జాన్ హాప్‌ఫీల్డ్‌కు, జెఫ్రీ హింటన్‌కు వచ్చింది. అది న్యూరల్ నెట్‌వర్కులకు పునాది వేసినందుకు. హాప్‌ఫీల్డ్ 1982లో ప్రతిపాదించిన నెట్‌వర్క్‌లోని గణితం అయస్కాంతాల సిద్ధాంతం నుంచి వచ్చింది. ఒక్కో పరమాణువు పక్కవాటి ప్రభావంతో పైకో కిందికో తిరిగి, చివరికి మొత్తం శక్తి తక్కువగా ఉండే స్థితిలో స్థిరపడుతుంది. ఆ స్థిరస్థితినే ఆయన జ్ఞాపకంగా వాడుకున్నారు. హింటన్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన నమూనాకైతే స్టాటిస్టికల్ మెకానిక్స్‌కు పునాది వేసిన భౌతికశాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ పేరే పెట్టారు.

పెద్దవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే సి.వి.రామన్ ఉన్నారు. ఆయన తండ్రి మన ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, రామన్ బాల్యంలో స్కూలు చదువు ఈ ఊళ్లోనే సాగింది.

దీంతోపాటు నిజం కూడా చెప్పండి. సీఎస్ఈ చదివిన పక్కింటి అబ్బాయికి నాలుగో ఏట క్యాంపస్ ఉద్యోగం రావచ్చు. ఫిజిక్స్ డిగ్రీతో అలా జరగడం అరుదు. మీరు ఎమ్మెస్సీ వరకో, ఆ పైనో చదవాలి, అంటే మరో రెండు మూడేళ్లు ఇంటి మీద ఆధారపడాలి. ఈ లెక్క ముందే చెబితే ఆ తరువాత గొడవ ఉండదు. ఇల్లు ఆ భారం మోయలేని స్థితిలో ఉంటే బీటెక్ చేసి, ఫిజిక్స్‌ను పక్కన కొనసాగించడంలో తప్పు లేదు.

రెండో మెట్టు: ఏ కోర్సులో చేరాలి

దారులు ప్రధానంగా నాలుగు. వాటిలో ఒకటి అందరికీ గొప్పదని నేను చెప్పను.

రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. పాత ఎంపీసీ, ఎంపీసీఎస్ కాంబినేషన్ల స్థానంలో ఒక ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్ పెట్టారు. ఫిజిక్స్ మేజర్‌గా, కంప్యూటర్ సైన్స్ గానీ డేటా సైన్స్ గానీ మైనర్‌గా దొరికితే మీకు కావలసినదానికి అది బాగా దగ్గర. మైనర్‌గా గణితం మాత్రమే ఉంటే ఇంకా సంతోషించండి, కోడింగ్ ఇంట్లో నేర్చుకోవచ్చు గానీ గణితం ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి మీరు చేరే ఏడాది ఉత్తర్వులనే చదవండి, మీ అన్నయ్య చేరిన ఏడాదివి కాదు.

రెండో దారి ఐసర్ తిరుపతి, నైసర్ వంటి పరిశోధన సంస్థలు. వీటికి విడిగా ప్రవేశ పరీక్షలు ఉంటాయి. పరిశోధనే లక్ష్యమనుకునేవారు ఇంటర్‌లో ఉండగానే వీటికి సిద్ధం కావాలి. మూడోది బీటెక్‌లో చేరి ఫిజిక్స్ ఎలక్టివ్‌లు తీసుకోవడం. నాలుగోది డిగ్రీ ఏదైనా చేసి, ఎమ్మెస్సీలో కలుపుకోవడం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, న్యూక్లియర్ ఫిజిక్స్, వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఆ సౌకర్యం దేశంలో చాలా విశ్వవిద్యాలయాలకు లేదు. సూరి భగవంతం, రంగధామరావు, స్వామి జ్ఞానానంద వంటి భౌతికశాస్త్రవేత్తలు పనిచేసిన చోటు అది.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ పాసైతే చాలు. ఫిజిక్స్ డిగ్రీతోపాటు దాన్ని నడిపేవారు ఉన్నారు. కానీ మొదటి ఏడాదే రెండింటినీ నెత్తికెత్తుకోవద్దని నా సలహా. ఒక సెమిస్టర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ ఎంత సమయం తింటాయో చూశాక నిర్ణయించుకోండి.

మూడో మెట్టు: కాలేజీని పరీక్షించడం

కాలేజీ మిమ్మల్ని పరీక్షించే ముందు మీరే దాన్ని పరీక్షించండి. మద్దిలపాలెం వైపైనా, రుషికొండ వైపైనా, గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి మురిసిపోకుండా లోపలికి వెళ్లండి. ల్యాబ్ ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది, స్టాటిస్టికల్ మెకానిక్స్ చెప్పేవారు శాశ్వత అధ్యాపకులేనా అని అడగండి. గత ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులు ఒకటి రెండు చూపించమనండి. అన్నీ ఒకే మూసలో, అవే బొమ్మలతో ఉంటే ఆ రిపోర్టులు ఎక్కడ తయారయ్యాయో ఊహించుకోవచ్చు. కంప్యూటర్ ల్యాబ్‌లో ఫిజిక్స్ విద్యార్థులకు సీటు దొరుకుతుందా అనేది మరో ప్రశ్న. "వాళ్లకెందుకండీ?" అన్న జవాబు వస్తే మీకు తెలియవలసింది తెలిసినట్టే.

నాలుగో మెట్టు: సిలబస్‌లోనే ఉన్న ఏఐని గుర్తించడం

ఏఐ కోసం కొత్తగా నేర్చుకోవలసిన గణితం చాలామంది భయపడేంత లేదు. అందులో పెద్ద భాగం ఫిజిక్స్ సిలబస్‌లోనే ఉంది, ఆ పేరుతో ఎవరూ చెప్పరు, అంతే.

క్వాంటం మెకానిక్స్‌లో ఐగెన్ విలువలు, ఐగెన్ సదిశలు చదువుతారు. వందల కొలతలున్న డేటాను రెండు మూడు ముఖ్యమైన దిశలకు కుదించే పద్ధతి అదే గణితం. యాంత్రికశాస్త్రంలో స్థితిజ శక్తి వాలు ఎటు ఉందో చూసి బలం దిశ చెబుతారు. నెట్‌వర్క్‌కు శిక్షణ ఇవ్వడమంటే లోపం అనే లోయలో అలాగే వాలు వెంట దిగడం. ఇక స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో బోల్ట్‌జ్‌మన్ వితరణ ఉంది. ఒక్కో స్థితికి ఎంత సంభావ్యత ఉంటుందో దాని శక్తి, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. చాట్‌బాట్ తరువాతి పదాన్ని ఎంచుకునేటప్పుడు వాడేది అదే సూత్రం. అందులో ఉష్ణోగ్రత అనే మీట కూడా ఉంటుంది. తగ్గిస్తే ఎప్పుడూ ఎక్కువ సంభావ్యత ఉన్న పదమే వస్తుంది, పెంచితే అరుదైన పదాలకూ అవకాశం దొరుకుతుంది. ఏఐలో ఈ సూత్రాన్ని సాఫ్ట్‌మ్యాక్స్ అంటారు, ఇది అర్థమైన విద్యార్థికి దాని గురించి ఎవరూ విడిగా పాఠం చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది ప్రాక్టికల్స్‌లో చేసే దోష గణన. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగంలో ఎవరి రికార్డు చూసినా 980 చుట్టూనే జవాబు ఉంటుంది. రీడింగులు అంత బాగా వచ్చాయా, జవాబు తెలుసు కాబట్టి రీడింగులు అలా కుదిరాయా? మీ రీడింగు 940 వస్తే 940 అనే రాయండి, ఎంత అటూఇటూ కావచ్చో పక్కనే లెక్కగట్టండి, తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. మార్కు ఒకటి పోతుందేమో. కానీ తన కొలతను తానే శంకించడం అలవాటైనవారే రేపు ఒక మోడల్ 99 శాతం సరిగ్గా చెబుతోందంటే వెంటనే నమ్మకుండా ఆగి చూస్తారు.

వీటికి అదనంగా మీరు సొంతంగా పట్టుకోవలసింది సంభావ్యత, గణాంకాలు. మన ఫిజిక్స్ సిలబస్‌లో ఇవి పలుచగా ఉంటాయి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు మొదటి నెలల్లో ఇంగ్లిషు పుస్తకం ముందు తడబడతారు. అప్పుడు తెలుగు అకాడమీ పుస్తకంలో భావన చదివి, ఇంగ్లిషు పుస్తకంలో లెక్కలు చేయండి. రెండో సెమిస్టర్ వచ్చేసరికి ఆ ఊతకర్ర అవసరం ఉండదు.

ఐదో మెట్టు: కంప్యూటర్

ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ కొనిపించుకోవద్దు. మామూలు లాప్‌టాప్, నెట్ ఉంటే సరిపోతుంది. పెద్ద లెక్కలకు గూగుల్ కోల్యాబ్, కాగుల్ వంటివి ఉచితంగానే కొన్ని గంటలు గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను ఇస్తాయి. భాష పైథాన్. అందులోని లైబ్రరీల్లో మొదట లెక్కలకు నంపై, గ్రాఫులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆ తరువాత సైపై, సైకిట్-లెర్న్, చివరగా న్యూరల్ నెట్‌వర్కులకు పైటార్చ్. ఈ వరుసలో మొదటి రెండింటితోనే ఒక సెమిస్టర్ గడపండి. ప్రొజెక్టైల్, డ్యాంప్డ్ ఆసిలేటర్, గ్రహాల కక్ష్యలు ఇలా క్లాసులో చెప్పిన ప్రతి సమీకరణాన్నీ కోడ్ రాసి గీయండి. ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే త్వరణం, ధ్వని, అయస్కాంత క్షేత్రం కొలవవచ్చు. లిఫ్టులో పెట్టి చూడండి, డేటా అంటే ఎంత గజిబిజిగా ఉంటుందో తెలుస్తుంది.

ఆరో మెట్టు: మొదటి ప్రాజెక్టు, మన సముద్రంతో

ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం, ఎందుకంటే ఈ ఒక్క ప్రాజెక్టు సరిగ్గా చేస్తే మిగతావన్నీ సులువవుతాయి. విశాఖ తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు వెనక్కు తగ్గుతుంది. ఆ ఎత్తును ముందుగా చెప్పడమే మీ పని.

డేటా కావాలి. దేశంలో ఆటుపోట్ల మాపకాల వ్యవహారం చూసే సంస్థల్లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఒకటి. ప్రపంచ సముద్రమట్టం రికార్డులను భద్రపరిచే అంతర్జాతీయ సంస్థలు కూడా ఉన్నాయి. విశాఖకు గంటకోసారి తీసిన రీడింగులు దొరక్కపోతే, దొరికిన మరో రేవువి తీసుకోండి. పద్ధతి ఒకటే. ఒక ఏడాది రీడింగులు ఉంటే చాలు.

ఫైలు తెరవగానే మోడల్ వైపు పరుగెత్తవద్దు. ముందు గీయండి. మొదటి వారంలోనే మూడు చిక్కులు కనిపిస్తాయి. రీడింగు లేని చోట మైనస్ 9999 వంటి అంకె పెట్టి ఉంటుంది, గ్రాఫు అక్కడ పాతాళానికి పడిపోతుంది. ఎత్తు మిల్లీమీటర్లలో ఉందో మీటర్లలో ఉందో చూసుకోవాలి. సమయం గ్రీన్‌విచ్‌దైతే మన సమయానికి ఐదున్నర గంటల తేడా ఉంటుంది. ఇది సరిచేయకపోతే మీ లెక్కలో పోటు ఉన్న వేళకు బీచ్‌లో సముద్రం వెనక్కు వెళ్లి ఉంటుంది.

తరువాత ఏడాదిని విడదీయండి. మొదటి తొమ్మిది నెలలు నేర్చుకోవడానికి, చివరి మూడు నెలలు పరీక్షకు. చాలా ఆన్‌లైన్ పాఠాల్లో రీడింగులను కలగలిపి, ఎటుపడితే అటు ఏరి పరీక్షకు పెట్టమంటారు. ఇక్కడ అది మోసం. మధ్యాహ్నం రెండింటి ఎత్తు, నాలుగింటి ఎత్తు శిక్షణలో ఉండి, మూడింటి ఎత్తు పరీక్షకు వస్తే ఎవరైనా చెప్పగలరు. కాలంతో నడిచే డేటాను కాలం ప్రకారమే కోయాలి.

ఇప్పుడు ఫిజిక్స్ వంతు. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన తరంగం ఆవర్తన కాలం 12.42 గంటలు. సూర్యుడి వల్ల వచ్చేది సరిగ్గా 12 గంటలు. వీటితోపాటు రోజుకోసారి వచ్చేవి రెండు: 23.93 గంటలది ఒకటి, 25.82 గంటలది ఒకటి. ఒక్కోదానికి ఒక సైన్, ఒక కోసైన్, అన్నిటికీ కలిపి సగటు మట్టం ఒకటి, అంటే తెలియని రాశులు తొమ్మిదే. కనిష్ఠ వర్గాల పద్ధతితో ఇవి కనుక్కోవడానికి నంపైలో ఒక వరుస కోడ్ చాలు. మొదటి రెండు తరంగాలను కలిపి గీస్తే 14.77 రోజులకోసారి అవి ఒకదానికొకటి తోడై ఎత్తు పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో పెద్ద పోటు రావడం అదే. ఫిషింగ్ హార్బర్‌లో ఏ పడవవారిని అడిగినా ఇది చెబుతారు. పక్షం రోజులకు తక్కువ డేటాతో ఈ రెండు తరంగాలను విడదీయలేమన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. డేటా ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు ఫిజిక్స్ ఇచ్చే జవాబు అది.

ఆ తొమ్మిది అంకెలతో చివరి మూడు నెలల ఎత్తును చెప్పి, సగటు లోపం రాసుకోండి. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌ను తీసుకురండి. గత 48 గంటల రీడింగులు ఇచ్చి తరువాతి గంట చెప్పమంటే బాగానే చెబుతుంది. నెల రోజుల తరువాత ఎత్తు చెప్పమనండి. తన జవాబునే తనకు మళ్లీ ఇచ్చుకుంటూ ముందుకు పోయేకొద్దీ చిన్న పొరపాట్లు పేరుకుని దారి తప్పుతుంది. వేల అంకెలున్న నెట్‌వర్క్ కంటే తొమ్మిది అంకెల సమీకరణం అక్కడ నిలబడుతుంది.

అలాగని నెట్‌వర్క్‌ను పారేయకండి. అసలు ఎత్తు నుంచి మీ సమీకరణం చెప్పిన ఎత్తును తీసేసి, మిగిలినదాన్ని గీయండి. చంద్రసూర్యులు వివరించలేనిదంతా అక్కడ ఉంటుంది. గాలి, పీడనం, ఋతువును బట్టి సముద్రమట్టంలో మార్పు. వాతావరణ పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తుపాను వచ్చిన రోజుల్లో ఈ మిగులు ఒక్కసారిగా లేస్తుంది. ఈ భాగాన్ని, దానితోపాటు గాలి, పీడనాల వివరాలను నెట్‌వర్క్‌కు ఇవ్వండి. ఇప్పుడు దానికి తగిన పని దొరికింది. సమీకరణం, నెట్‌వర్క్ కలిసి చేసిన అంచనా ఒక్కొక్కటి విడిగా చేసినదానికంటే మెరుగుపడిందా? మెరుగుపడకపోతే పడలేదనే రిపోర్టులో రాయండి.

ఏడో మెట్టు: రెండో ప్రాజెక్టు ఎంచుకోవడం

మీ అభిరుచిని బట్టి ఎంచుకోవచ్చు. తుపానులంటే ఆసక్తి ఉన్నవారికి విశాఖ కంటే మంచి చోటు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు ఇది, తుపాను హెచ్చరిక కేంద్రం ఉన్న ఊరు ఇది. 2023లో గూగుల్ డీప్‌మైండ్ ప్రచురించిన గ్రాఫ్‌క్యాస్ట్ వంటి ఏఐ మోడళ్లు పది రోజుల వాతావరణాన్ని నిమిషం లోపే చెబుతున్నాయి. తుపాను వెళ్లే దారిని బాగా పట్టుకుంటున్నాయి, తీవ్రతను మాత్రం తక్కువగా చూపుతున్నాయి. కారణం ఫిజిక్స్ విద్యార్థికి అందుతుంది. అవి నేర్చుకున్న ఎరా5 అనే గత వాతావరణ రికార్డు డేటాలో ఒక్కో గడి వెడల్పు సుమారు 28 కిలోమీటర్లు, తుపాను కన్ను చుట్టూ ఉండే బిగుతైన గాలి ఆ గడిలో కరిగిపోతుంది. సగటు లోపం తగ్గించాలని శిక్షణ ఇస్తే మోడల్ శిఖరాలను నునుపు చేస్తుంది. మీరు చేయగల పని: హుద్‌హుద్‌కు ఎరా5లో కనిపించే కనిష్ఠ పీడనాన్ని వాతావరణ శాఖ బెస్ట్ ట్రాక్ రికార్డుతో పోల్చడం. గ్రాఫ్‌క్యాస్ట్‌ను హుద్‌హుద్ మీద పరీక్షించి అదరగొట్టిందని మాత్రం రాయకండి. దాని శిక్షణ డేటా 1979 నుంచి 2017 వరకు ఉంది, అంటే 2014 ప్రశ్నపత్రం అది ముందే చూసేసింది. ఆ తరువాతి తుపానుల మీదే పరీక్షించాలి.

నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి సోనార్ కూడా సహజంగా కుదురుతుంది. 1988లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ డేటా ఉంది: మొత్తం 208 ప్రతిధ్వనులు, వాటిలో 111 లోహపు గొట్టానివి, 97 రాళ్లవి, ఒక్కోదానికి 60 కొలతలు. ఏది ఏదో మోడల్ చెప్పాలి. చిన్న డేటా కావడంతో నెట్‌వర్క్ నేర్చుకోకుండా బట్టీ పట్టే ప్రమాదం ఇక్కడ కళ్లకు కడుతుంది. శిక్షణలో నూటికి నూరు, పరీక్షలో చతికిల.

సిద్ధాంతం ఇష్టమైతే ఐసింగ్ నమూనా చేయండి, అంటే పైకో కిందికో తిరిగే స్పిన్‌లు (చిన్న అయస్కాంతాలు) నిండిన జాలకం. రెండు కొలతల జాలకంలో అయస్కాంతత్వం మాయమయ్యే ఉష్ణోగ్రత (పక్క స్పిన్‌ల మధ్య బంధ శక్తిని ప్రమాణంగా తీసుకుంటే) 2.269 అని 1944లో ఆన్‌సాగర్ సాధించారు. ఆ ఉష్ణోగ్రతకు అటూఇటూ ఉన్న చిత్రాలను నెట్‌వర్క్ గుర్తుపడుతుందని 2017లో చూపించారు. మీరూ చేసి చూడండి, ఆపై ఒక్కో చిత్రంలో పైకీ కిందికీ ఉన్న స్పిన్‌ల సగటు తీసి, దానితోనే గుర్తుపట్టగలమేమో చూడండి.

నా నియమానికి ఎదురు చెప్పే ఉదాహరణ కూడా ఒకటి ఇస్తాను. హిగ్స్ కణం కోసం తయారైన ఒక సిమ్యులేషన్ డేటాలో కోటి పది లక్షల సంఘటనలు, ఒక్కోదానికి 28 కొలతలు ఉన్నాయి. వాటిలో 21 డిటెక్టర్ నేరుగా ఇచ్చేవి, ఏడు శాస్త్రవేత్తలు సూత్రాలతో లెక్కగట్టినవి. లోతైన నెట్‌వర్క్‌కు ఆ ఏడూ ఇవ్వకపోయినా దాదాపు అంతే బాగా పనిచేసిందని 2014లో తేలింది. అంటే డేటా బోలెడంత ఉన్నప్పుడు యంత్రం సూత్రాల పనిని తానే చేసుకోగలదు. మన దగ్గర సాధారణంగా ఉండేది బోలెడంత కాదు, ఒక ఏడాది ఆటుపోట్ల ఫైలు.

ఎనిమిదో మెట్టు: చాట్‌బాట్‌తో జాగ్రత్తగా

వాడవద్దని చెప్పినా వాడతారు కాబట్టి ఎలా వాడాలో చెబుతాను. అసైన్‌మెంట్ లెక్కను ముందు కాగితం మీద కనీసం సగం వరకు మీరే చేయండి. ఆగిపోయిన చోట మీ పద్ధతి రాసి, తప్పెక్కడుందో అడగండి. జవాబు రాగానే మూడు తనిఖీలు చేయండి. రెండువైపులా ప్రమాణాలు సరిపోయాయా? ద్రవ్యరాశి సున్నా అయితే, వేగం చాలా తక్కువైతే, ఆ సూత్రం తెలిసిన ఫలితానికి చేరుతుందా? అంకెలు వేస్తే పరిమాణం నమ్మేలా ఉందా? సముద్రంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. మీ జవాబులో 150 వస్తే ఎక్కడో సున్నా జారిపోయింది. కోడ్ రాయించుకున్నా ఇదే పద్ధతి. జవాబు ముందే తెలిసిన ఒక చిన్న ఉదాహరణ మీద నడిపించకుండా దాన్ని ముందుకు తీసుకుపోకండి. పుస్తకాల పేర్లు, పరిశోధన పత్రాల పేర్లు అది చెబితే వెతికి, తెరిచి, చదివితే తప్ప రిపోర్టులో పెట్టవద్దు.

తొమ్మిదో మెట్టు: మనుషుల దగ్గరికి వెళ్లడం, పరీక్షలు

ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లి "సార్, నాకు ఏఐలో ఇంటర్న్‌షిప్ కావాలి" అంటే తల పంకించి పంపేస్తారు. ఆటుపోట్ల గ్రాఫు ఒకటి, మిగులు గ్రాఫు ఒకటి ప్రింటు తీసుకుని వెళ్లి, "మేడమ్, నవంబరులో ఈ ఉబ్బు నాకు అర్థం కాలేదు" అని అడగండి. సంభాషణ వేరుగా సాగుతుంది. సముద్రశాస్త్రం, వాతావరణ శాస్త్రం విభాగాల్లో డేటా ఉంటుంది, దాన్ని సాఫీ చేయడానికి ఓపిక ఉన్న విద్యార్థులు తక్కువ. ఆ ఓపికే మీ పరిచయ పత్రం. డీఆర్‌డీవోకు చెందిన ఎన్‌ఎస్‌టీఎల్ వంటి ప్రయోగశాలల్లో ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ ద్వారా, కాలేజీ లేఖతో దరఖాస్తు చేయాలి. అనుమతులకు సమయం పడుతుంది కాబట్టి వేసవి కోసం చలికాలంలోనే కదలండి.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. దరఖాస్తులు అంతకుముందు సంవత్సరం చివర్లోనే ముగుస్తాయి. చాలామంది మార్చిలో గుర్తు చేసుకుని నాలుక కరుచుకుంటారు. ఇందులో చేయదలచిన పని గురించి సొంత మాటల్లో రాయవలసి ఉంటుంది. ఆరో మెట్టు నిజంగా ఎక్కినవారికి అది కష్టం కాదు.

ఎమ్మెస్సీకి ఐఐటీలు, మరికొన్ని సంస్థల కోసం జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం సీయూఈటీ పీజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం కోసం ఏపీ పీజీసెట్. ఆ పైన పీహెచ్‌డీ వైపు వెళ్లేవారికి జెస్ట్, నెట్, గేట్ ఉన్నాయి. గేట్‌లో ఫిజిక్స్ పేపరుతోపాటు 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు కూడా వచ్చింది. దాని సిలబస్‌లో సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, కలనగణితం పెద్ద భాగం. నాలుగో మెట్టులో చెప్పిన గణితం పట్టుబడితే ఫిజిక్స్ విద్యార్థి అక్కడ వెనకబడడు. అయితే అందులో ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు కూడా ఉంటాయి, వాటికి విడిగా ఒక సెమిస్టర్ కేటాయించుకోండి. జామ్, గేట్ రెండూ ఫిబ్రవరిలోనే జరుగుతాయి, దరఖాస్తులు ముందు ఏడాది సెప్టెంబరు ప్రాంతంలో తెరుచుకుంటాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఆ లోపే మీసేవలోనో సచివాలయంలోనో తీసి పెట్టుకోండి, చివరి వారంలో సర్వర్ మీ మాట వినదు.